ఏ వాక్యంలో ఉందో చూపించు

(డిగ్రీ కళాశాలల తెలుగు అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు, కాబట్టి ఎవరికైనా కునుకు వస్తే నేనేమీ అనుకోను, మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో మన పిల్లల పరిస్థితి ఎలా ఉంటుందో మీకే ఒకసారి తెలిసొస్తుంది. బ్యానర్ మీద "విద్యార్థి కేంద్రిత సాహిత్య చర్చా పద్ధతులు" అని రాయించారు. అంత పెద్ద మాటలు వద్దుగానీ, నేను చెప్పాలనుకున్నది చిన్న విషయం. ఒక కథ పాఠం ఉన్న రోజు మనం నోరు మూసుకుని కూర్చుంటే, పిల్లలే ఆ కథ గురించి ముప్పావు గంట మాట్లాడుకోవాలి. గోల చేయడం కాదు, అలాగని ఒక్కొక్కరూ లేచి "ఈ కథ నాకు చాలా బాగా నచ్చింది, ఇందులో మంచి నీతి ఉంది" అని కూర్చోవడమూ కాదు. నిజంగా మాట్లాడుకోవాలి, వాదించుకోవాలి, అవసరమైతే అభిప్రాయం మార్చుకోవాలి. అది జరగాలంటే ముందురోజు ఏం చేయాలి, ఆ రోజు ఏం చేయకూడదు, ఇదే నా విషయం.

మనం మామూలుగా "చర్చ" అని పిలిచేది ఎలా ఉంటుందో మీకు తెలుసు. "'దిద్దుబాటు' కథలో గోపాలరావు పాత్ర స్వభావం ఏమిటి? ఎవరు చెప్తారు?" అని అడుగుతాం. ఎవరూ చెప్పరు. మొదటి బెంచీలో ఎప్పుడూ చెప్పే అమ్మాయి వైపు చూస్తాం. ఆ అమ్మాయి గైడులో ఉన్న నాలుగు ముక్కలు చెప్తుంది. "వెరీగుడ్, కూర్చో" అని, మిగతాది మనమే చెప్పేస్తాం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్స్ తరగతుల రికార్డింగులు విని లెక్కగడితే, టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను అని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడనివాళ్లు మాట్లాడారు, పిల్లలు తమంతట తాము ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడంటే మూడు సెకన్లు. ఇక్కడ ఇప్పుడే ఒక ప్రశ్న వేసి నేను మూడు సెకన్లు ఆగితే మీకు ఇబ్బందిగా ఉంటుంది, నాకు ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది భరించలేకే మనం జవాబులు చెప్పేస్తున్నాం, పిల్లలకు తెలియదని కాదు.

ఈ పద్ధతి గురించి చదివితే అందరూ ముందు హార్క్‌నెస్ బల్ల గురించి చెప్తారు. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ఆయన అమెరికాలోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే బడికి పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. పిల్లలు వరసల్లో కాకుండా ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి, పాఠం వాళ్ల సంభాషణలోంచి రావాలి అన్నది ఆయన కోరిక. కోలగా ఉండే పెద్ద బల్ల, చుట్టూ పన్నెండు మంది దాకా పిల్లలు, వాళ్లలో ఒకరిగా టీచరు. వినడానికి ఎంత బాగుంది! మనకి అరవై మంది, నేలకి బిగించిన బెంచీలు, పక్క గదిలో ఎకనామిక్స్ సార్ గొంతు, కిటికీ బయట బస్‌స్టాండు. అందుకని చాలామంది "ఇవన్నీ మనకి కుదిరేవి కావు మేడమ్" అని అక్కడే ఆపేస్తారు. బల్ల మనకి లేదు, నిజమే. కానీ ఆ బల్ల చేసే పని రెండే రెండు. ఒకటి, పిల్లలు టీచరు మొహం కాకుండా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. రెండు, అందరి ముందూ పుస్తకం తెరిచి ఉంటుంది. ఈ రెండూ బల్ల లేకుండా కూడా సాధించవచ్చు. ఎలాగో చెప్తాను.

ముందు ఏ రచన తీసుకోవాలి? నేను ఎప్పుడూ గురజాడ "దిద్దుబాటు"తో మొదలుపెడతాను. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన కథ, నాలుగైదు పేజీలు, పైకి చదివితే పావుగంట పట్టదు. మొదటి చర్చకి చిన్న రచన ఉండాలి, ఎందుకంటే "ఇంటి దగ్గర చదివి రండి" అంటే ఎవరూ చదివి రారు, మనం కూడా చదువుకునే రోజుల్లో చదివి వెళ్లలేదు. తరగతిలోనే చదవగలిగిన కథ అయితే అందరూ ఒకే చోట నుంచి మొదలవుతారు. అదీగాక ఇది తొలి తెలుగు కథ అని పాఠ్యపుస్తకం చెప్తుంది, భండారు అచ్చమాంబ 1902లోనే "ధనత్రయోదశి" రాసిందని తెలిసిన పిల్లలు తరగతిలో ఒకరిద్దరు ఉంటారు, ఆ గొడవ మొదలైతే అసలు కథలోకి వెళ్లకుండానే పీరియడ్ అయిపోతుంది. ఏది మొదటిది అన్నది మంచి ప్రశ్నే. దానికి వేరే రోజు పెట్టుకోవాలి. ఆ రోజు మాత్రం నాలుగు పేజీలు దాటి బయటికి పోకూడదు.

ఇంకో సంగతి, అందరి చేతిలో ఒకే పాఠం ఉండాలి. "దిద్దుబాటు" పత్రికలో మొదట వచ్చిన రూపం వేరు, తర్వాత అవసరాల సూర్యారావు గారు వ్యావహారికంలోకి మార్చిన రూపం వేరు. నెట్‌లో రెండూ తిరుగుతుంటాయి. ఒకడు ఫోన్‌లో ఒకటి తెరుస్తాడు, ఇంకొకడు జిరాక్సులో ఇంకొకటి తెస్తాడు, "మేడమ్, నా దాంట్లో ఈ మాట లేదు" అంటాడు. మాటల మీద చర్చ చేయబోతూ మాటలే కలవకపోతే ఎలా? ఒక ప్రతి మీరే ఎంచుకోండి, జిరాక్సు తీయించండి, పక్కన పెద్ద మార్జిను వదిలించండి, ప్రతి ఐదు వాక్యాలకూ పక్కన ఒక అంకె వేయండి. ఈ అంకెలు వేయడం చాదస్తంలా ఉంటుందిగానీ చర్చ మధ్యలో "ఎక్కడుందిరా అది?" అని అందరూ కాగితాలు తిరగేసే పని తప్పుతుంది.

చదవడం కూడా మనం చదవకూడదు. మనం చదివితే మన వ్యాఖ్యానం మన గొంతులోనే వచ్చేస్తుంది, ఎక్కడ నవ్వాలో ఎక్కడ జాలిపడాలో మనమే చెప్పేసినట్టే. ముగ్గురు పిల్లలకివ్వండి: ఒకరు కథనం, ఒకరు గోపాలరావు, ఒకరు నౌకరు రాముడు. రాముడి మాటలు ఉత్తరాంధ్ర యాస. మా దగ్గర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్లవాడు ఉంటే రాముడు వాడే. ఎప్పుడూ వెనక బెంచీలో ఉండి, "నీ భాష సరిగ్గా లేదు" అనిపించుకునే పిల్లవాడు ఆ నాలుగు మాటలు చదివేసరికి తరగతి మొత్తం తలెత్తి చూస్తుంది, ఎందుకంటే ఆ వాక్యాలు వాడు చదివినట్టు ఇంకెవరూ చదవలేరు. గోపాలరావు భార్య కమలిని రాసిన ఉత్తరం ఒక అమ్మాయికివ్వాలి. ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చిన పిల్లలు తడబడతారు, ఫర్వాలేదు, మెల్లగా చదవనివ్వండి. తడబడిన చోటే ఒక్కోసారి ప్రశ్న పుడుతుంది.

ఇప్పుడు అసలు పని, ముందురోజు పని. చదవడం అయ్యాక ప్రతి ఒక్కరూ చిన్న చీటీ మీద ఒక ప్రశ్న రాయాలి. షరతు ఒక్కటే: ఆ ప్రశ్నకి జవాబు రాసినవాళ్లకి తెలియకూడదు. ఈ షరతు వాళ్లకి మొదట అర్థం కాదు. పదిహేనేళ్లుగా జవాబు తెలిసిన ప్రశ్నలే చూశారు పాపం. మొదట వచ్చే చీటీల్లో ఎక్కువ భాగం "గోపాలరావు భార్య పేరేమి?" రకం, లేకపోతే "స్త్రీ విద్య ఆవశ్యకతను వివరింపుము" రకం. వాటిని చించేయకండి. ప్రశ్నల్ని వాళ్ల చేతే మూడు కుప్పలు చేయించండి: పేజీలో వేలు పెట్టి చూపిస్తే తేలిపోయేవి ఒక కుప్ప, కథతో పని లేకుండా ఎవరైనా జవాబు చెప్పగలిగేవి ఇంకో కుప్ప, కథ చదవకపోతే చెప్పలేనివి, చదివినా ఒక్క మాటలో తేలనివి మూడో కుప్ప. మొదటి కుప్పని పక్కవాళ్లు వెంటనే తీర్చేస్తారు. రెండో కుప్ప వ్యాసరచన పోటీలకి పనికొస్తుంది. మనకి కావలసింది మూడోది. అందులో చీటీలు ఐదారు కంటే ఎక్కువ ఉండవు, అవి చాలు.

ఒకసారి ఒక అమ్మాయి రాసిన చీటీ ఇలా ఉంది: "కమలిని మంచం కిందకి ఎప్పుడు వెళ్లింది?"

నేను దాన్ని మొదటి కుప్పలో వేయించేదాన్నే, పక్కనున్న పిల్లలు వేయనివ్వలేదు. ఎందుకో చెప్పే ముందు కథ ఒకసారి గుర్తు చేస్తాను. గోపాలరావు సంస్కరణవాది, సభలు, ఉపన్యాసాలు, సానిమేళాలు (ఆటపాటలే వృత్తిగా ఉన్న స్త్రీల కచేరీలు) కూడదనే ఉద్యమం, అన్నీ ఉన్నాయి. అలాంటివాడు సానిపాటకి అలవాటుపడి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి "తలుపు! తలుపు!" అంటాడు. లోపల చూస్తే భార్య లేదు. రాముణ్ని పిలుస్తాడు, కోపం వచ్చి వాడి వీపు మీద గుద్దుతాడు, వెంటనే జాలిపడి వాడి వీపు నిమురుతాడు. భార్య ఉత్తరం దొరుకుతుంది: మీటింగులని చెప్పి మీరెక్కడికి వెళ్తున్నారో తెలిసింది, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడవలసి వచ్చింది, పుట్టింటికి పోతున్నాను అని. ఆడవాళ్లకి చదువు నేర్పితే ఏమవుతుందని రాముడు అంటే, చదువుకున్న స్త్రీ గొప్పతనం మీద గోపాలరావు వాడికి అక్కడికక్కడ ఒక ఉపన్యాసం ఇస్తాడు. తెల్లారగానే వెళ్లి అమ్మగారిని తీసుకురమ్మంటాడు, ఏం చెప్పాలో నేర్పిస్తాడు. రాముడు తనదైన పద్ధతిలో అప్పజెప్తాడు: యజమాని చెప్పినట్టు విని ఊరుకోవాలి, లేదంటే పెద్ద పంతులుగారిలాగే ఈయన కూడా సానమ్మని ఉంచుకుంటారు అని. గోపాలరావు మండిపడి లేచేసరికి మంచం కింద నుంచి నవ్వులు, గాజుల చప్పుడు. కథ అయిపోయింది.

ఇప్పుడు ఆ చీటీ చూడండి. ఆమె మొదటి నుంచీ మంచం కింద ఉందా? ఉంటే రాముడి వీపు మీద పడిన దెబ్బలు విన్నది, బయటికి రాలేదు. ఎందుకు రాలేదు? చదువుకున్న స్త్రీ మీద మొగుడు ఇచ్చిన ఉపన్యాసం విన్నది. ఎవరూ లేరనుకుని ఆయన మాట్లాడిందంతా ఆమె ముందే మాట్లాడాడన్నమాట. ఒక కుర్రాడు అన్నాడు, "అయితే రాముడికి తెలుసు మేడమ్, వాడు అదంతా ఆమెకి వినబడాలనే చెప్పాడు." ఇంకో పిల్ల, "తెలిస్తే దెబ్బలెందుకు తిన్నాడు? చెప్పేయొచ్చుగా?" అంది. "చెప్తే అమ్మగారు తంతారు" అని వెనక నుంచి ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, కానీ ఆ నవ్వుతోనే చర్చ ఇంకో మెట్టు లోతుకి దిగింది, ఎందుకంటే ఇద్దరు యజమానుల మధ్య ఇరుక్కున్న నౌకరు కథ అది, మనం దాన్ని ఎన్నడూ అలా చెప్పలేదు. మనం ఎప్పుడూ భార్యాభర్తల కథగానే చెప్తాం. వాళ్లు రాముడి ప్రతి వాక్యమూ మళ్లీ చదివారు, ఈసారి వాడికి తెలుసు అనుకుని ఒకసారి, తెలియదు అనుకుని ఒకసారి. రెండు రకాలుగానూ చదవొచ్చు. నిజానికి ఏది సరైనదని నన్ను అడిగారు. నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి. అక్కడ మనం చెప్పామంటే చర్చ అక్కడితో ఆగిపోతుంది, మళ్లీ అందరూ నోట్సు రాసుకోవడం మొదలుపెడతారు.

దీనంతటికీ ఒకే ఒక్క నియమం. ఎవరు ఏం చెప్పినా, పక్కవాళ్లలో ఎవరైనా "ఏ వాక్యంలో ఉంది?" అని అడగొచ్చు. అడిగితే చూపించాలి. చూపించలేకపోతే "అలా అనిపించింది" అని ఒప్పుకుని ముందుకు పోవాలి, అందులో తప్పేమీ లేదు. ఈ ప్రశ్న మనం అడిగితే పోలీసు ప్రశ్నలా ఉంటుంది, వాళ్లలో వాళ్లు అడిగితే ఆటలా ఉంటుంది. మొదట్లో ఒకళ్లనొకళ్లు ఏడిపించడానికే అడుగుతారు. కాసేపటికి అడగకముందే "పదిహేనో వాక్యం చూడు" అని మొదలుపెట్టడం నేర్చుకుంటారు. ఆడవాళ్లు అప్పట్లో ఇలా ఉండేవారు, మగవాళ్లు ఎప్పుడూ ఇంతే, ఇప్పటి సమాజంలో కూడా, ఇలాంటి గాలి మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్నతో రాలిపోతాయి.

ఇక నడిపేవాళ్లెవరు? ఒక విద్యార్థి, లేదా ఇద్దరు కలిసి. ఎవరిని పెట్టాలన్న దానిలో నా అభిప్రాయం కొంచెం మొండిది: ఫస్ట్ ర్యాంకు పిల్లల్ని పెట్టకండి. వాళ్లకి జవాబు చెప్పాలనే తాపత్రయం ఎక్కువ. వినే అలవాటు ఉన్నవాళ్లని పెట్టండి. నడిపే పిల్లతో ముందురోజు పావుగంట కూర్చోవాలి. మూడో కుప్పలోంచి ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి, అది అడుగంటిపోతే తర్వాత ఏది, వీటి గురించి మాట్లాడుకోవాలి. మొదటి ప్రశ్న మరీ లోతుగా ఉండకూడదు, ఎవరికైనా ఏదో ఒకటి చెప్పాలనిపించేలా ఉండాలి. "గోపాలరావు మాట మీద మీకు నమ్మకముందా, మళ్లీ సానిపాటకి వెళ్లడా?" అంటే అందరికీ అభిప్రాయం ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి మంచం కిందకి వెళ్లొచ్చు. నడిపే పిల్లకి నేను రాసిచ్చే వాక్యాలు మూడు నాలుగే: "ఆ మాట ఇంకొంచెం చెప్పు", "దీనితో ఒప్పుకోనివాళ్లెవరు?", "ఇందాక వాడన్నదానికీ ఇప్పుడు నువ్వన్నదానికీ పడట్లేదు కదా?", "మళ్లీ ఒకసారి చదువుదామా?" ఇవి జేబులో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

అరవై మందిని ఎలా కూర్చోబెట్టాలి అంటారా? పన్నెండు మంది మధ్యలో, మిగతావాళ్లు చుట్టూ. బెంచీలు కదలకపోతే వేదిక ముందు నేల మీద చాపలు వేయండి, చెట్టు కింద చోటుంటే అక్కడికి పొండి. మధ్యలో ఉన్నవాళ్లే మాట్లాడతారు, ఒక కుర్చీ ఖాళీగా ఉంచాలి, బయట నుంచి ఎవరికైనా ఆగలేనంతగా ఏదైనా చెప్పాలనిపిస్తే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పి వెళ్లాలి. సగం సమయం అయ్యాక మధ్యవాళ్లు బయటికి, ఇంకో పన్నెండు మంది లోపలికి. బయటున్నవాళ్లు ఊరికే కూర్చుంటే ఫోన్లు బయటికొస్తాయి, అందుకని వాళ్లకీ పని ఉండాలి. కాగితం మీద గుండ్రంగా పేర్లు రాసుకుని, ఎవరి మాటకి ఎవరు జవాబిచ్చారో గీతలు గీస్తారు. ఆ కాగితం చివర్లో అందరికీ చూపిస్తే నేనేమీ చెప్పక్కరలేదు. ఒకడి పేరు దగ్గర పెద్ద జల్లెడలా గీతలుంటాయి, ముగ్గురి పేర్ల దగ్గర ఒక్క గీతా ఉండదు. మగపిల్లల గీతలన్నీ మగపిల్లల దగ్గరికే పోతున్నాయని ఒక తరగతిలో పిల్లలే కనిపెట్టారు. మర్నాడు వాళ్లే సర్దుకున్నారు, పూర్తిగా కాదుగానీ కొంత.

మనకీ ఇలా పాత్రలు పంచుకునే అలవాటు కొత్తేమీ కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాళ్లు, ఒక్కొక్కరికీ ఒక్కో పని. అందులో అప్రస్తుత ప్రసంగం అనే పని చూడండి, అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికే ఒక మనిషిని పెట్టారు మనవాళ్లు! నేను దాన్ని కొంచెం మార్చి వాడుకుంటాను. అందరూ ఒకే మాట మీదకి వచ్చేసినప్పుడు ఎదురు మాట చెప్పడానికి ఒకణ్ని పెడతాను. మామూలుగా తరగతిలో అల్లరిచేసే పిల్లవాడే దానికి సరైనవాడు. "కమలిని గొప్పది, మొగుణ్ని దిద్దింది" అని అందరూ తల ఊపుతున్నప్పుడు వీడు లేచి, "ఏం దిద్దింది? నిజంగా వెళ్లిపోలేదుగా. నాటకమాడింది, నవ్వేసింది. రేపు మళ్లీ వెళ్తాడు" అన్నాడు. అమ్మాయిలకి కోపం వచ్చింది. ఒకమ్మాయి, "1910లో బయటికి వెళ్తే ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికే కదా, వాళ్లు మళ్లీ పంపేస్తారు. అందుకే ఉత్తరంతో భయపెట్టింది" అంది. "ఏ వాక్యంలో ఉంది?" "వాక్యంలో లేదు. కానీ ఉత్తరంలో ఎక్కడా తిట్టలేదు చూడు, 'పతి మేలు కోరిన సతి' అంటోంది, అది పిచ్చి మర్యాదా, దెప్పిపొడుపా?" అంతే, ఉత్తరాన్ని మళ్లీ చదివించారు, ఈసారి ఎగతాళి గొంతుతో. గ్రాంథికంలో ఉన్న ఆ ఉత్తరం ఎగతాళిగా చదివితే ఎంత బాగా పలుకుతుందో మీరూ ఒకసారి ఇంట్లో చదివి చూడండి.

ఇంకొక పిల్ల అడిగిన దాని దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. "ఆ పాడే ఆవిడకి కథలో ఒక్క మాట కూడా లేదేంటి?" భర్తని దిద్దారు, నౌకరు దెబ్బలు తిని మాట్లాడాడు, భార్య నవ్వింది, పాడిన మనిషి మాత్రం ఎక్కడుందో తెలియదు. సంస్కర్తల సభల్లోనూ ఆవిడ గురించి మాట్లాడారేగానీ ఆవిడతో ఎంత మాట్లాడారు?

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. సాని, భోగం అనే మాటలు ఆ కథ కాలంలో మామూలుగా వాడారు, ఇప్పుడు అవి మనుషుల్ని గాయపరిచే మాటలు. తరగతిలో కూర్చున్న అరవై మందిలో ఎవరి అమ్మమ్మ ఏ కుటుంబం నుంచి వచ్చిందో మనకి తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. రాముణ్ని కొట్టే చోటు కూడా అంతే, ఇంటి దగ్గర అలా దెబ్బలు తిన్న తాతలున్న పిల్లలు మన ముందే ఉంటారు. అందుకని చర్చ మొదలుకాకముందే ఒక మాట చెప్పేస్తాను: కథలోని మనుషుల గురించి ఏమైనా అనండి, తరగతిలోని మనుషుల కులం, ఇల్లు, ఇంట్లో ఆడవాళ్లు, వీటిని ఉదాహరణగా తేవద్దు. "మీ వాళ్లు ఇలాగే కదా" అనే వాక్యం ఎవరి నోటినుంచి రాబోయినా నేను మధ్యలో లేస్తాను. విద్యార్థి నడిపే చర్చలో నాకున్న ఒకే ఒక్క గట్టి అధికారం అది. ఎవరైనా తనంతట తాను తన ఇంటి సంగతి చెప్పుకుంటే వినాలి, దాన్ని ఎవరూ పొడిగించకూడదు.

మిగతా సమయంలో నేనెక్కడుంటాను? మూల బెంచీలో, నోట్‌బుక్కు పట్టుకుని, తలదించుకుని. తల దించుకోవడం ముఖ్యం. పిల్లలు మాట్లాడుతూ మన మొహం వైపే చూస్తారు, మనం తల ఊపితే సరే అనుకుంటారు, కనుబొమ్మ పైకెత్తితే మాట మార్చేస్తారు. రాసుకుంటూ ఉంటే చూడటానికి మొహం దొరకదు, ఇక ఒకళ్లనొకళ్లు చూసుకోక తప్పదు. నిశ్శబ్దం వచ్చినా కదలకూడదు. కొన్నిసార్లు అర నిమిషం ఎవరూ మాట్లాడరు, నడిపే పిల్ల భయంగా మన వైపు చూస్తుంది, మీరు పేజీ వైపు చూపించండి చాలు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఎవరో ఒకరు కాగితం తిరగేసి ఏదో కనిపెడతారు. కథలో లేని వాస్తవం కావలసి వస్తే మాత్రం ఒక్క వాక్యంలో ఇచ్చి తప్పుకోండి. "సానిమేళాల మీద అప్పట్లో నిజంగా ఉద్యమం ఉండేదా మేడమ్?" అని అడిగితే "ఉండేది, వీరేశలింగం గారూ అందులో ఉన్నారు, గోపాలరావు తన గురించి చెప్పుకున్నది కల్పన కాదు" అని చెప్పి కూర్చోవాలి. అక్కడ సంస్కరణోద్యమ చరిత్ర మొత్తం చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది, నాకు తెలుసు. (నవ్వులు)

చివరి ఏడెనిమిది నిమిషాలు అందరూ రాయాలి. మాట్లాడినవాళ్లూ మాట్లాడనివాళ్లూ. రాయవలసింది: పీరియడ్ మొదట్లో నేనేమనుకున్నాను, ఇప్పుడేమనుకుంటున్నాను, మారితే ఎవరి మాట వల్ల, ఏ వాక్యం వల్ల. అభిప్రాయం మారకపోతే అదే రాయొచ్చు. ఒక్క మాటా మాట్లాడని పిల్లల కాగితాలు చదివితే మనకి సిగ్గేస్తుంది, వాళ్లని మొద్దులనుకున్నందుకు. మార్కులు వేయాల్సి వస్తే ఈ కాగితానికి వేయండి, ఎన్నిసార్లు మాట్లాడారని లెక్కపెట్టి వేయకండి. మాటకి మార్కు అంటే గట్టిగొంతువాడికి మార్కు అని అర్థం, అది వాళ్లకి రెండో రోజే తెలిసిపోతుంది.

ఇప్పుడు చాట్‌జీపీటీ సంగతి. చీటీ మీద ప్రశ్న రాయమంటే బల్ల కింద ఫోన్‌లో అడిగి రాస్తున్నారు, నిజమే. అలా వచ్చిన ప్రశ్నలు తేలిగ్గానే దొరికిపోతాయి, అన్నీ ఒకేలా నున్నగా ఉంటాయి, "రచయిత ఈ కథ ద్వారా సమాజానికి ఏ సందేశం ఇచ్చారు" లాంటివి. నేను తిట్టను. ఆ చీటీనే రెండో కుప్పలో వేయించి, "ఇది కథ చదవకుండా అడగొచ్చా లేదా?" అని వాళ్లనే తేల్చమంటాను. "అడగొచ్చు మేడమ్, అసలు ఏ కథకైనా అడగొచ్చు" అని వాళ్లే చెప్తారు. మంచం కిందకి ఎప్పుడు వెళ్లిందన్న ప్రశ్న మాత్రం కాగితం మీద వేలు పెట్టి చదివిన పిల్లకే తడుతుంది.

చెప్పాలనుకున్నది ఇంతే. అడగండి.

(సభలోంచి ఒకరు: సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది మేడమ్? ఒక్క కథకి రెండు రోజులంటే...)

ప్రతి పాఠానికీ ఇలా చేయమనడం లేదండీ. ప్రాచీన పద్యభాగంలో ప్రతిపదార్థం చెప్పక తప్పదు, ఛందస్సుకి చర్చ పెడితే పిల్లలు మనల్ని చూసి నవ్వుతారు. సెమిస్టర్‌కి రెండు మూడు కథలకి పెట్టండి. రెండు రోజులు పోయినట్టు కనిపిస్తాయిగానీ, ఆ కథ మళ్లీ రివిజన్‌లో చెప్పక్కరలేదు. పాత్ర స్వభావం మీద ప్రశ్న వస్తే గైడు చూడకుండా రాస్తారు, ఎందుకంటే రాముడి గురించి వాళ్లకి సొంత అభిప్రాయం ఉంది, పోట్లాడి తెచ్చుకున్నది.

(ఇంకొకరు: మా ప్రిన్సిపాల్ గారు రౌండ్‌కి వస్తే "ఏమిటీ గోల, టీచరు ఊరికే కూర్చున్నారు" అంటారు.)

అంటారు. ఆ ఖాళీ కుర్చీ ఉంది కదా, ఆయన్ని అందులో కూర్చోబెట్టండి. ఒక జిరాక్సు ప్రతి చేతికివ్వండి. ఏదో ఒకటి చెప్తారు, చెప్పగానే పిల్లలు "ఏ వాక్యంలో ఉంది సార్?" అంటారు. (నవ్వులు) అనకపోతే మాత్రం మీరు ముందురోజు పని సరిగ్గా చేయించలేదని అర్థం, మళ్లీ చీటీల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.